కొండబంద మీద ఎర్రబాతులు

నా కాపురం అరకులోయలో అని తెలిసిన రోజు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. మన్నెం నీళ్ళు తాగితే జ్వరం తప్పదనీ, ఆ జ్వరం పట్టినవాళ్ళు మళ్ళీ కొండ దిగి రారనీ మా పెద్దమ్మ శోకాలు పెట్టింది. శృంగవరపుకోట దాకా బండి. అక్కణ్ణుంచి ఉప్పు బస్తాలు మోసే ఎద్దుల వెనకాల నడక. అనంతగిరి ఎక్కేసరికి నా కాళ్ళు బొబ్బలెక్కాయి, కోపం నెత్తికెక్కింది. లోయలోకి దిగేదాకా మా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. పలకరించే సాహసం ఆయనా చెయ్యలేదు.

కింది మన్నెంలో పితూరీ చల్లారిన మరుసటి ఏడో, ఆ పై ఏడో అది. సంత జరిగే ఊళ్ళో మాకు ఉప్పు, బట్టల కొట్టు ఉండేది. కొట్టు వెనకే ఇల్లు. మా ఆయన మంచివాడే కాని పిరికివాడు. అడవిలోకి వెళ్ళకు, వాగుల్లో గెడ్డల్లో దిగకు, వాళ్ళ దేవతల సంగతుల్లో వేలు పెట్టకు, ఇవే ఆయన నాకు చెప్పిన కాపురం పాఠాలు. మొదటి రెండు నెలలూ బుద్ధిగా విన్నాను. మాట్లాడడానికి మనిషి లేక, పొద్దుపోక, పిల్లి మీదా చీపురు మీదా కోపం తీర్చుకునేదాన్ని.

అలా చీపురు మీద కోపం వల్లే నాకు స్నేహం దొరికింది. కొండచీపుర్లు కట్టి మాకు తెచ్చి ఇచ్చే ఒకావిడ ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. పై ఊరి మనిషి. ఒకరోజు ఆవిడ తెచ్చిన చీపురు రెండు ఊడ్పులకే ఊడిపోయిందని నేను గయ్యిమన్నాను. ఆవిడ నవ్వి, "సీపురుతో ఊడవాల సావుకారమ్మా, కొట్టకూడదు" అంది. నాకూ నవ్వొచ్చింది. ఆనాటినుంచి నేను ఆవిడను అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ మాత్రం సావుకారమ్మా అనడం ఆఖరిదాకా మానలేదు.

పుష్యమాసంలో అక్క చీపురుగడ్డి కోతకు వెళుతుంటే నేనూ వెంటపడ్డాను. మా ఆయన సరుకు కోసం కోటకు దిగాడు, అడ్డం చెప్పేవాళ్ళు లేరు. వలిసె కోసేసిన మళ్ళు దాటి, చోడిచేల మోళ్ళ మీదుగా పైఊరు చేరి, అక్కడినుంచి ఇంకా పైకి ఎక్కాం. కంటికి చెయ్యి కనిపించని మంచు. అక్క కాలి మట్టెల చప్పుడు పట్టుకుని నడిచాను. ఒకచోట ఆవిడ ఆగి, "కూకో" అంది. ఎక్కడ కూర్చున్నానో కూడా తెలియకుండానే కూర్చున్నాను.

కాసేపటికి మంచు కిందినుంచి పైకి లేచింది. ముందు నా పాదాలు కనిపించాయి. తరవాత గడ్డి, తడిమట్టి, ఆ తరవాత నీళ్ళు. నేను బంద గట్టునే కూర్చున్నాను. చిన్న చెరువును మావైపు బంద అంటాం. కాని అది అంత చిన్నదేమీ కాదు. రెండు కొండల మధ్య, దోసిట్లో పట్టినట్టు నిండా నీళ్ళు. అవతలి ఒడ్డున కొమ్ముల కణుజు ఒకటి మోకాలిలోతున దిగి తాగుతోంది. అది తలెత్తి మమ్మల్ని చూసింది, గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి. మళ్ళీ తల దించుకుని తాగింది. నా గుండె అంత గట్టిగా కొట్టుకోవడం నేను పెళ్ళిపీటల మీద కూడా ఎరగను.

ఆ చలికాలమంతా వీలు చిక్కినప్పుడల్లా వెళ్ళాను. మా ఆయన మొదట అరిచాడు, తరవాత బతిమాలాడు, చివరకు నా చేతికి ఇంగువ మూట కట్టి పంపేవాడు, పాములు రావని. అక్క గడ్డి కోసుకునేది, నేను చూస్తూ కూర్చునేదాన్ని. బుడుబుంగలు ఇక్కడ మునిగి ఎక్కడో తేలేవి. ఎక్కడ తేలుతుందో ముందే అనుకుని, తప్పయినప్పుడల్లా నాలో నేనే పోట్లాడుకునేదాన్ని. లకుముకిపిట్ట ఎండుకొమ్మ మీద గంటలకొద్దీ కూర్చుని, నేను కన్ను తిప్పిన క్షణంలోనే చేపను పట్టేది. నీరుకుక్కలు కుటుంబమంతా వచ్చేవి. బురదగట్టు మీదనుంచి నీళ్ళలోకి జారి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ జారేవి. వాటికి పనీపాటా లేదా అని మొదట్లో అనిపించింది. కొన్నాళ్ళకు అదే వాటి పని అని ఒప్పుకున్నాను.

అన్నిటికంటే నాకు ఇష్టమైనవి రెండు బాతులు. ఒళ్ళంతా దాల్చినచెక్క రంగు, తల కాస్త పాలిపోయిన పసుపు. ఎగిరితే రెక్కల్లో తెలుపు తళుక్కుమనేది. తక్కిన నీటిపిట్టలు గుంపులుగా తిరిగేవి. ఇవి మాత్రం ఇద్దరంటే ఇద్దరే. ఒకటి తింటే ఒకటి కాపు కాసేది. చలి తగ్గి ఎండ ముదిరేసరికి ఒకదాని మెడచుట్టూ సన్నటి నల్లదారం కట్టినట్టు గీత వచ్చింది. అది మగది అని అక్క చెప్పింది. పైఊరివాళ్ళకవి ఉత్త ఎర్రబాతులు. "సలికి వత్తాయి, ఎండకి పోతాయి. ఎక్కడికో ఎవులికి తెలుసు" అంది.

ఉగాదికి నాలుగు రోజుల ముందు మా అత్తగారు కొండెక్కి వచ్చింది. డోలీ మాట్లాడతానంటే, "నన్నెవడూ మొయ్యక్కర్లేదు, మోసే రోజు ఎలాగూ వత్తాది" అని కొడుకు నోరు మూయించి నడిచే వచ్చింది. ఈయన పాకే వయసులో మా మామగారు పోయారు. ఆవిడ ఒక్కత్తే ఇంటి అరుగు మీద ఉప్పూ పప్పూ అమ్మి కొడుకును పెంచింది. ఊళ్ళో నోరున్న మగవాళ్ళు కూడా ఆవిడ అరుగు ముందు చెప్పులు చప్పుడు కాకుండా నడిచేవారట. నాకు కోపమని అందరూ అంటారు గాని, మా అత్తగారి ముందు నేను చల్లారిన కుంపటిని.

వస్తూనే మూట విప్పింది. కొత్తబెల్లం, చింతపండు, తడిగుడ్డలో చుట్టిన వేపపువ్వు. మా కొండమీద వేపచెట్టు కనపడదు. కొడుకు ఉగాదిపచ్చడి లేకుండా ఉండిపోతాడని అంత దూరం మోసుకొచ్చింది. తేనిది మామిడికాయ ఒక్కటే. "కొండంతా మామిళ్ళే కదా, మోసుకురావడం ఎందుకనుకున్నాను" అంది. తీరా సంతకు వెళితే ఒక్క కాయ లేదు. చెట్లు విరగకాసి ఉన్నాయి, అమ్మేవాళ్ళు లేరు.

"ఏటే ఇది? కాయలు కళ్ళముందు ఏలాడతన్నాయి, కోసేవోడు లేడేటి?"

"మామిడికొత్త కాలేదు అత్తమ్మా. అమ్మవారికి పెట్టేదాకా ఇక్కడ ఎవరూ మామిడికాయ కొయ్యరు, తినరు. దిసారి రోజు చెబుతాడు. ఇంకా నెల పట్టొచ్చు."

దిసారి అంటే మంచీచెడ్డా రోజులు చూసి చెప్పే పైఊరి పెద్దాయన. విత్తులు చల్లే రోజైనా, పెళ్ళిరోజైనా ఆయన నోట రావాల్సిందే. మా అత్తగారు అంతా విని, "మంచి ఆచారమే. మరి మన ఉగాది ఎవరు ఆపుతారూ?" అని ఊరుకుంది. ఊరుకుందనే నేను అనుకున్నాను.

ఎర్రబాతుల సంగతి మాటల్లో చెప్పాను. ఆవిడ వింటూ వింటూ వక్కాకు నమలడం ఆపేసి, "రంగెలా ఉంటాయన్నావు?" అని మళ్ళీ అడిగింది. చెప్పాను. "అవి సక్రవాకాలే గుంటా! హరికథల్లో ఎన్నిసార్లు విన్నాను! పగలంతా జంటగా ఉంటాయిట, పొద్దుగూకితే ఇడిపోయి రాత్రంతా ఏడుత్తాయిట. ఉత్తరాన మంచుకొండల మీద మానససరోవరం ఉంది సూడు, అక్కడివి. నన్ను తీసుకుపో" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం బయలుదేరాం. ఎక్కుతున్నంతసేపూ కొండను, రాళ్ళను, నన్ను, కొండమీద కొట్టు పెట్టిన కొడుకును తిడుతూనే ఎక్కింది. బంద కనపడగానే తిట్టు మధ్యలో ఆగిపోయింది. ఎండ ఏటవాలుగా పడి నీళ్ళు కాచిన నెయ్యిలా ఉన్నాయి. గట్టు మీద పెద్ద మామిడిచెట్టు, దాని నీడలో కూర్చున్నాం. ఎర్రబాతులు రెండూ దగ్గరగానే ఈదుతున్నాయి. గడ్డి కోసే ఆడవాళ్ళను రోజూ చూసి చూసి వాటికి చీరకట్టంటే బెదురు పోయింది.

నిజంగా అవి అంత దూరం నుంచి వచ్చాయా అని నాకు నమ్మకం కుదరలేదు. ఆ ఉత్తరాది సరస్సు ఎలా ఉంటుందో ఊహించుకోబోయాను, మా బందే కళ్ళకు కట్టింది, చుట్టూ కొండల మీద మాత్రం మంచు. దాని గట్టున కూడా నాలాంటి కోపిష్టిది ఒకత్తి కూర్చుని, చలి రాగానే ఇవి ఎక్కడికి పోతాయో అని బెంగపడుతూ ఉంటుందేమో అనిపించింది. ఆ మాట పైకి అన్నాను. అత్తగారు ఎగతాళి చేస్తుందనుకున్నాను. "ఉండకేం, ఉంటాది" అంది చాలా మెల్లిగా.

చీకటి పడకముందే దిగిపోదామంటే కదలలేదు. పొద్దుగూకితే విడిపోతాయో లేదో చూడాలట. సూర్యుడు కొండ దాటాడు. నీళ్ళు నల్లబడ్డాయి. నల్లదారం ఉన్నది ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు పోయి బురదలో మేత వెతుక్కోసాగింది. రెండోది ఇవతలే ఉండిపోయింది. అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. "సూసావా? అన్నంత పనీ అయింది" అంది. అంతలో అవతలినుంచి "ఆఁ" అని ఒక పిలుపు. ఇవతలిది వెంటనే "ఆఁ" అంది. ఇంకాసేపటికి ఇది పిలిచింది, అది పలికింది.

"ఇడిపోలేదే" అంది అత్తగారు. "దూరంగా మేత్తన్నాయి, అంతే. పిలిత్తే పలుకుతోంది కదా, ఇంకేటి గావాల?"

కొడుకు పుట్టిన ఏడాదికే భర్త పోయిన మనిషి. ఆవిడ ఆ ఊసు ఎత్తడం నేనెన్నడూ వినలేదు, అప్పుడూ ఎత్తలేదు. దిగి వస్తున్నంతసేపూ నా భుజం పట్టుకుని నడిచింది, ఒక్క రాయినీ తిట్టలేదు.

ఉగాది ఉదయం నేను పొయ్యి దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ మామిడికాయ తరుగుతోంది. నా ప్రాణం ఎగిరిపోయింది. "ఇదెక్కడిది?" అన్నాను.

"బందగట్టున రాలి ఉంది. నేను కొయ్యలేదు. కొయ్యొద్దన్నారు గాని ఏరొద్దనలేదు కదా?"

ఒళ్ళు మండింది. కాని పండగపూట, పెద్దావిడ. మా నాలుగు గోడల మధ్య మాటే కదా అని సర్దుకుని స్నానానికి వెళ్ళాను. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి పెరటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. పండగకని అడ్డాకులు తెచ్చింది. అత్తగారు ఆవిడకు ఎంతో మర్యాదగా ఆకుదొన్నెలో పచ్చడి పోసి ఇచ్చింది. అక్క ఒక్క గుటకలో తాగి, పులుపుకు కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళు తెరవకుండానే, "మామిడా?" అంది.

నేను తలూపాను. అక్క గుమ్మం మీద కూలబడింది. కోపం లేదు, ఏడుపూ లేదు. అమ్మవారి కంటే ముందు కొత్తకాయ తిన్న చెయ్యి ఆ ఏడు విత్తనాల బుట్టలో పెట్టకూడదు. అక్కకు మొగుడు మంచంలో ఉన్నాడు. ఆ ఇంట్లో విత్తనం చల్లే చెయ్యి ఆవిడదే.

"ఎవరికీ చెప్పకు అక్కా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నాకు తెలుసు గదా" అని లేచి, సరాసరి దిసారి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇక మా ఆయన సంగతి చెప్పనక్కర్లేదు. కొట్టు ఎత్తేయాలన్నాడు, రాత్రికి రాత్రే దిగిపోదామన్నాడు, తల్లి మీద గొంతెత్తబోయి ఆవిడ చూపుకు సగంలో మింగేశాడు. మధ్యాహ్నానికి దిసారి కర్ర పొడుచుకుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. అక్క పక్కన నేల మీద కూర్చుంది. ఆయన మా అత్తగారిని ఎదురుగా పిలిచి అడిగాడు.

"కోసినావా, ఏరినావా?"

"ఏరాను."

"ఉడత కొరికిందేటి?"

"ఉడత ఎంగిలి నేను తింటానా? మంచిది సూసే ఏరాను."

దిసారి పకపకా నవ్వాడు. పళ్ళు లేని నవ్వు. తరవాత వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసుకున్నాడు, ఆకాశం చూశాడు, మళ్ళీ లెక్క వేశాడు. చివరకు చెప్పాడు. వచ్చింది మనింటి చుట్టమే. చుట్టం తొందరపడితే మనం అన్నం బేగి వడ్డించాలి గాని ఆకు లాక్కోకూడదు. ఎల్లుండే మామిడికొత్త. అమ్మవారికి అప్పుడే పెట్టేస్తే ఏ చేతికీ దోషం లేదు. అక్క ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. మా ఆయన కళ్ళు తుడుచుకుని, దిసారి వద్దంటున్నా ఆయన భుజం మీద కొత్త తువ్వాలు కప్పాడు. నేనూ సంతోషించాను, నిజంగానే.

దిసారి వెళుతూ వెళుతూ, "అయితే ఆవలెల్లుండి వేట" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు.

మామిడికొత్త అయిన మర్నాడు పైఊరి మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని వేటకు వెళతారు. అప్పటిదాకా బంద దగ్గర ఎవరూ బాణం ఎక్కుపెట్టరు. ఆ రోజు మాత్రం మొదటి బాణం అక్కడే. మామూలుగా ఆ పండుగ వచ్చేసరికి చలికాలపు పిట్టలన్నీ వెళ్ళిపోయి ఉంటాయి. ఈసారి ఎర్రబాతులు ఇంకా నీళ్ళమీదే ఉన్నాయి. పైగా మనుషులంటే బెదురు లేనివి. అక్కను అడిగాను, ఆ రెంటినీ వదిలెయ్యమని చెప్పకూడదా అని. అక్కకూ బాధగానే ఉంది. "నా కోసం పండగ ముందుకి జరిపినారు. ఇంకా ఏ నోటితో అడగను సావుకారమ్మా?" అంది. వాళ్ళు మా తప్పును అంత పెద్దమనసుతో దిగమింగారు. ఆ మంచితనం వల్లే నా బాతులు చస్తాయి. ఎవరిమీద కోప్పడాలో తెలియకపోవడం నాకు అదే మొదలు.

అత్తగారు ఇదంతా వింది. ఆ పూట భోజనం చెయ్యలేదు. "నేను ఏరిన కాయ" అని ఒక్కసారి అంది, అంతే.

మామిడికొత్త బ్రహ్మాండంగా జరిగింది. అమ్మవారి ముందు కాయలు కోసి పెట్టారు, అందరికీ ముక్కలు పంచారు. అక్క విత్తనాల బుట్టలో మోచేతిదాకా చెయ్యి ముంచి నావైపు చూసి నవ్వింది. థింసా ఆడారు. మా అత్తగారు కూడా వచ్చి దూరంగా కూర్చుంది, ముక్క పెడితే కళ్ళకద్దుకుని తింది.

మర్నాడు తెల్లవారుతుండగా లేచి చూస్తే ఆవిడ పడక ఖాళీ. ఇత్తడిచెంబు కూడా లేదు. ఎక్కడికి వెళ్ళి ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పరుగున కొండెక్కాను. బంద ఇంకా కనపడకముందే చెంబు మీద పుల్లతో వాయిస్తున్న చప్పుడు, అరుపులు వినిపించాయి.

గట్టు మీద మా అత్తగారు, కొప్పు ఊడిపోయి, కొంగు నడుముకు దోపుకుని, గొంతు చించుకుంటోంది. "పొండే! పొండి! మీ ఊరు పొండి! నా మాటినండే!" బుడుబుంగలు ఎప్పుడో మునిగిపోయాయి. కొంగలు లేచిపోయాయి. నీరుకుక్కల జాడ లేదు. ఆ ఎర్రబాతులు మాత్రం ఆవిడను తీరిగ్గా చూస్తూ ఈదుతున్నాయి. చీరకట్టును చూసి భయపడడం మేమే మాన్పించాం కదా. మట్టిగడ్డలు విసిరింది, అవి ఆవిడ కాళ్ళ దగ్గరే పడ్డాయి. నేనూ విసిరాను. లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ నీళ్ళమీదే వాలాయి. పైఊరినుంచి డప్పు చప్పుడు మొదలైంది. వేటకు బయలుదేరారు.

అప్పుడు ఆవిడ నీళ్ళలో దిగింది. మడిగట్టుకునే మనిషి, చన్నీళ్ళంటే ఒణికే మనిషి, ఆ బురదనీళ్ళలో నడుం లోతుకు పోయి రెండు చేతులా నీళ్ళు చిమ్ముతూ ఏడుస్తూ అరిచింది. ఏం అరిచిందో నాకు తెలియలేదు. ఈసారి బాతులు నిజంగా బెదిరిపోయాయి. రెక్కల తెలుపు విప్పుకుని ఒక్కసారిగా లేచాయి. నల్లదారం ఉన్నది సూటిగా ఉత్తరపు కొండమీదుగా దాటిపోయింది. రెండోది పిలుస్తూ బంద చుట్టూ తిరిగింది, ఒకసారి, ఇంకోసారి, ఎటు పోవాలో తెలియనట్టు. చివరకు పడమటి లోయలోకి జారిపోయింది. పిలుపు కాసేపు వినిపించి ఆగిపోయింది.

"కలుసుకుంటాయి కదే?" అంది అత్తగారు నీళ్ళలోంచే.

"కలుసుకుంటాయి అత్తమ్మా" అన్నాను. నాకేం తెలుసు?

వేటగాళ్ళు వచ్చేసరికి బంద మీద ఈగ కూడా లేదు. నిలువునా తడిసిన ముసలావిడను చూశారు, చేతిలో చెంబు చూశారు. వాళ్ళకు అంతా అర్థమైంది. ముందున్న ఒకతను నోరు తెరవబోతే దిసారి చెయ్యి ఎత్తి ఆపాడు. అందరూ పక్క కొండకు వెళ్ళిపోయారు.

మేము కిందికి దిగాం. పైఊరి మొగదల ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో కాచుకుని ఉన్నారు. వేట రోజున అడవినుంచి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన వాళ్ళమీద పేడనీళ్ళు పొయ్యడం వాళ్ళ ఆచారం. ఎంత మొనగాడైనా తప్పదు. మమ్మల్ని చూసి అక్క చేతిలో కుండ దించేసింది. మా అత్తగారు ఆగింది.

"ఏటి సూత్తన్నావు? అడవినుంచి రాలేదేటి నేను? నా సేతిలో ఏటైనా ఉన్నాదేటి?"

"వద్దమ్మా, పెద్దోరు" అంది అక్క.

"మీ మామిడి తిన్నాను, మీ వేట సెడగొట్టాను. నన్నొగ్గేత్తే మీ ఆచారం ఏటి మిగుల్తాది? పొయ్యి!"

అక్క కుండ ఎత్తి ఆవిడ నెత్తిమీద పోసేసింది. మా అత్తగారు ముఖం తుడుచుకుని, "పేడనీళ్ళే కదే, రోజూ గుమ్మంలో సల్లుకునేవే" అంది. అందరి నవ్వులూ కొండంతా మోగాయి. తరవాత వరస నాది. నా మీద పోసింది ముగ్గురు. మమ్మల్ని ఆ అవతారంలో చూసి మా ఆయన తలుపు గడియ వేసుకున్నాడు.

అత్తగారు వారంలోనే కొండ దిగిపోయింది. ఆ ఏడాది పొడుగునా, కిందినుంచి ఎద్దులు తోలుకొచ్చే మనిషి ఉప్పుతోపాటు ఒకే ప్రశ్న మోసుకొచ్చేవాడు. "అమ్మ అడగమన్నాది, కలుసుకున్నాయా అని." అతనికి అదేమిటో తెలియదు, మా బంధువుల్లో ఎవరో మొగుడూపెళ్ళాల తగాదా అనుకునేవాడు. చలికాలం వచ్చాక చూసి చెబుతానని పంపేదాన్ని.

చలికాలం వచ్చింది. నాకు అప్పుడు ఏడో నెల. ఎక్కనివ్వరు. అక్క చూసి వచ్చి చెప్పేది. కార్తీకంలో రాలేదు, మార్గశిరంలో రాలేదు. పుష్యంలో ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడింది. ముఖం చూసే అడిగాను. ఒక్కటే వచ్చిందట. ఆ మాట ఎద్దుల మనిషి నోట పంపడానికి నాకు మనసొప్పలేదు. ఉగాదికి అత్తగారే వస్తుందిగా అని ఊరుకున్నాను. రెండోది దారిలో వెనకబడిందేమో, వస్తుందేమో అని అక్కా నేనూ రోజూ అనుకునేవాళ్ళం. రాలేదు.

అత్తగారు మనవణ్ణి చూడడానికి ఉగాది ముందు వచ్చింది. బెల్లం, చింతపండు, వేపపువ్వు. "ఈసారి మామిడి లేకుండానే. వగరు తక్కువైతే ఏం?" అంది. పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుంది, ముద్దులాడింది, మధ్యాహ్నం దాకా ఓపిక పట్టింది. తరవాత పిల్లవాణ్ణి కొడుకు చేతికిచ్చి, "పద" అంది.

నేను దారిలో చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. ఆవిడా అడగలేదు. గట్టున మామిడిచెట్టు కింద కూర్చున్నాం. బుడుబుంగలు ఉన్నాయి, లకుముకి తన కొమ్మ మీద ఉంది, నీరుకుక్కలు జారుతున్నాయి. నీళ్ళ మధ్యలో ఒక్క ఎర్రబాతు. మెడ శుభ్రంగా ఉంది.

అత్తగారు కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దాని మెడకేసి చూసింది.

"మెళ్ళో దారం లేనిదే వచ్చింది" అంది.

"మనం తోలినప్పుడే విడిపోయాయంటారా అత్తమ్మా?" నాకు ఏడుపొచ్చేసింది. "లేక ఎక్కడో దారిలో..."

"ఎవరికి తెలుసు. తోలకపోతే బాణం, తోలితే ఇది." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "అయినా వచ్చింది సూడు. అంత దూరం, ఒకత్తే. దారి మరిసిపోలేదు."

పొద్దు కొండ దాటింది. నీళ్ళు నల్లబడ్డాయి. బాతు ఇవతలి ఒడ్డుకు వచ్చి, అవతలి ఒడ్డు వైపు తిరిగి "ఆఁ" అని పిలిచింది. ఆగింది. మళ్ళీ పిలిచింది. అవతల ఏమీ లేదు, కప్పలు తప్ప. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. దిగిపోదాం రండి అని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఆవిడ చెయ్యి విడిపించుకుంది. బాతు మూడోసారి పిలిచింది. మా అత్తగారు, పెరట్లోంచి ఎవరో కేకేస్తే వంటింట్లోంచి పలికినట్టు, మామూలు గొంతుతో పలికింది.

"ఆఁ. ఇక్కడే ఉన్నానే."